తాడు మీద గొంగడి

ఫోన్ మోగేసరికి నా కుడిచెయ్యి భుజం దాకా బర్రె కడుపులో ఉంది. మిరుదొడ్డి దాటాక పొలాల మధ్య కొట్టం అది. దూడ అడ్డం తిరిగింది. పశువుల డాక్టరుకు అట్లాంటప్పుడు ఇంటావిడ ఫోన్ చేసినా, పై అధికారి చేసినా ఒకటే. కానీ అది ఆగితే కదా! రైతు విసుగుపుట్టి ఫోన్ నా జేబులోంచి తీసి నా ఎడమచెవికి ఆనించాడు.

ఏదో ఆడగొంతు. ఆ చెవి నాకు సరిగా వినపడదు. "కుడి, కుడి!" అని అరిచాను. అతను ఇటు మార్చాడు.

"మీ కాక పోయిండు సారూ," అంటోంది, జీపులు బాగుచేసే కాక భార్య. ఏడుపు లేదు. "జాకీ జారింది. బండి రొమ్ము మీద పడ్డది. నేను కూరగాయలు తెచ్చేవరకే అయిపోయింది. షెడ్డుల ఒక్కడే ఉండె. టైర్లకు రాళ్లు పెట్టే మనిషి లేకపాయె."

ఆ చివరిమాటకు నా చెయ్యి లోపలే బిగుసుకుపోయింది. టైర్లకు రాళ్లు పెట్టే మనిషి ఆ షెడ్డులో లేకుండా చేసింది నేనే. ఆ సంగతి ఆమెకు తెలియదు. సిద్దిపేటలో ఎవరికీ తెలియదు.

దూడ బతికింది. చేతులు కడుక్కుని జీపెక్కాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆ నియమం పెట్టుకుంటే కాక గురించి నేను నోరు విప్పనక్కర్లేదు. ఆయన కొట్టేవాడు. మనుషుల్ని కొట్టేవాడు, బండ్లను కొట్టేవాడు, చాయ్ చల్లగా ఇస్తే గ్లాసును నేలకేసి కొట్టేవాడు. ముందు దెబ్బ, తర్వాత తిట్టు, ఆ తర్వాత కారణం. చాలామందికి కారణం దాకా నిలబడే ఓపిక ఉండేది కాదు. పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, బురదలో దిగబడ్డవాళ్లంతా ఆయన్ను కాకా అనే పిలిచారు.

పొట్టి మనిషి. అరచేతులు మాత్రం ఒంటికి సంబంధం లేనంత పెద్దవి, వాటి నిండా వెల్డింగు రవ్వలు పడిన మచ్చలు. సగం జీవితం బోరు బండి నడిపాడు. బోరు బండి నడపడమంటే ఆషామాషీ కాదు. నీళ్లు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ ఎక్కడ నిలబడితే అక్కడికి అంత ఇనుమునూ తోలుకుపోవాలి; మధ్యలో దారి ఉందా అని ఏ రైతూ అడగడు. నడుము అరిగాక ఆ పని వదిలి ఊరి చివర రేకుల షెడ్డు వేసుకున్నాడు. గుట్టలెక్కే జీపులకు కడుపు కింద ఇనుప పలకలు బిగించడం, దిగబడ్డ బండ్లను లాగడం ఆయన బతుకుదెరువు.

నాకు ఆయన పరిచయమైందీ దెబ్బతోనే. అప్పుడు పాత జీపు కొన్న కొత్త. గొర్లమందలు తారురోడ్ల మీద ఉండవు, గుట్టల వెనకా వాగుల అవతలా ఉంటాయి. టీకాలు వేయాలంటే అక్కడికి పోవాలి. ఆదివారాలు పని లేకున్నా పోయేవాణ్ని, ఊరికే, జీపును గుట్టలెక్కించి దించే సరదా కోసం. ఒకనాడు వాగు ఇసుకలో దిగబడ్డాను. దిగబడ్డ ప్రతివాడూ చేసే తెలివితక్కువ పనే నేనూ చేశాను, ఇంకా గట్టిగా తొక్కాను. చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. గొర్లకాపరి ఒకతను ఫోన్ చేస్తే కాక తన జీపులో వచ్చాడు, పక్కన ఆయన బామ్మర్ది సాయిలు.

నా మొహం కూడా చూడలేదు. దిగి, ఇసుక పిడికిట పట్టి పిసికి వదిలేశాడు. నా టైరు దగ్గర గొంతుకూర్చుని అగ్గిపుల్లతో గాలి తీయడం మొదలుపెట్టాడు.

"కాకా, గాలి తీస్తున్నవేంది?"

"గాలి ఎక్కువైన టైరు, నీల్గుడెక్కువైన మనిషి, ఇద్దరు ఉన్నకాడ్నే తిరుగుతరు," అన్నాడు. "టైరు మెత్తగైతేనే భూమిని పట్టుకుంటది."

తర్వాత తన బంపరుకు బిగించిన చుట్టుడు యంత్రం నుంచి ఇనుప తాడు లాగి నా జీపుకు తగిలించాడు. యంత్రం తిరిగింది, తాడు బిగిసింది. నా చెప్పు ఒకటి అవతల పడి ఉంటే, తెచ్చుకుందామని తాడు మీంచి కాలు వేశాను. అంతే! చెంప ఛెళ్లుమంది. కళ్ళు తెరిచేసరికి ఇసుకలో పడి ఉన్నాను, ఎడమచెవిలో పిండిమిల్లు తిరుగుతోంది.

"పాము మీదికెల్లి దాటు. తాడు మీదికెల్లి దాటకు," అన్నాడు నా మీదికి వంగి. "పాము కరిస్తె దవాఖాన ఉన్నది. ఇది తెగితె నడుమ కాడికి రెండు తుకుడలైతవ్. సమజైందా?"

చెవిలో పొర చిరిగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. రోషం గల మనిషినైతే మళ్లీ ఆ గుమ్మం తొక్కకూడదు. వారం తిరక్కముందే పోయి, నా జీపుకు కింద పలక కావాలన్నాను. కాక నన్ను ఎగాదిగా చూసి, పిడికిలితో నా పొట్టలో ఒక్కటి పొడిచాడు. నేను రెండుగా ముడుచుకుపోయాను. "నొచ్చిందా? రాయి తగిలితె ఇంజనుకు గూడ గిట్లనే నొస్తది," అని నవ్వాడు. పాత లారీ ఇనుముతో పలక చేశాడు. బిగించే ముందు సమ్మెటతో పది దెబ్బలు వేశాడు. సొట్ట పడితే, ఎన్ని రోజుల పనైనా సరే, విరగ్గొట్టి తుక్కులో వేసేవాడు.

ఆ దెబ్బల్లో న్యాయం ఉండేదా అంటే, ఒక్కోసారి ఉండేది. హైదరాబాదు నుంచి నాలుగు బండ్లవాళ్లు సెలవురోజు షికారు వచ్చారు. గుట్టల్లో తిరగడం చాలక, వారం కింద నాటు వేసిన వరిమడిలో దింపి గుండ్రంగా తిప్పారు. బురద ఎగజిమ్ముతుంటే ఫోటోలు! చివరికి నాలుగూ దిగబడ్డాయి. లాగమని కాకను పిలిచిందీ వాళ్లే. ఆయన మడిని చూశాడు, గట్టు మీద కూర్చుని తల పట్టుకున్న ముసలి రైతును చూశాడు, జీపులోంచి తాడు బదులు సమ్మెట తీశాడు. మొదటి బండి లైట్లు రెండూ పగిలాయి. దాని డ్రైవరు మెడ పట్టి బురదలోకి దించాడు.

"నాటు వెయ్," అన్నాడు.

వాడి దోస్తు ఒకడు నష్టం కట్టిస్తామని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. కాక వాడి ముఖాన్ని మడిలో ముంచి తీశాడు. ఆ తర్వాత ఇంగ్లీషు వినపడలేదు. పొద్దు గుంకేదాకా నలుగురూ వంగి నాట్లు వేశారు. పక్క మడిలో కూలి ఆడవాళ్లు "గంత దూరం దూరమా బిడ్డా, దగ్గర్దగ్గర పెట్టున్రి!" అని పడీ పడీ నవ్వారు. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. దెబ్బ పక్కవాడికి తగిలేటప్పుడు న్యాయం ఎంత బాగుంటుందో!

కానీ ఆ చెయ్యి ఇంట్లోనూ లేచేది. దాచిపెట్టి ఆయన్ను దేవుణ్ణి చేయను. ఒకనాడు ఆయన భార్య వాచిన కనుబొమతో నాకు చాయ్ ఇచ్చింది. నేను అడగలేదు. సాయిలు అడిగాడు. అడగడమంటే నోటితో కాదు, బావ మణికట్టు పట్టుకుని వదల్లేదు. సాయిలు పెదవి చిట్లింది, అయినా వదల్లేదు. చివరికి కాకే చెయ్యి విదిలించుకుని, "అక్కకు తగ్గ తమ్ముడే దొరికిండు" అని గొణుక్కుంటూ బయటికి పోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంట్లో దెబ్బ చప్పుడు వినపడలేదట.

సాయిలుకు ముప్ఫై అయిదు ఉంటాయి. పొడుగు మనిషి, మాట తక్కువ. షెడ్డులో అతని పని చిన్నదిగా కనిపించేది. బండిని జాకీ మీద లేపినప్పుడు చక్రాల వెనక రాళ్లు పెట్టాలి. అందుకని నాలుగు నల్లరాళ్లు ఏరి, బిడ్డల్లా చూసుకునేవాడు. పెట్టాక "పెట్టిన బావా!" అని అరిచేవాడు. ఆ అరుపు వినందే కాక బండి కిందికి దూరేవాడు కాదు. వినపడ్డాక మాత్రం వంగి చూసేవాడు కూడా కాదు. ఆయన ఈ లోకంలో నమ్మిన ఒకే ఒక్క మాట అది.

రెండో పని గొంగడిది. ఇనుప తాడు బిగిసినప్పుడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, ఎవరు అడ్డం ఉంటే వాళ్లను కోసేస్తుంది. అందుకని లాగే ముందు గొంగడిని నీళ్లలో ముంచి, తాడు నడిమధ్య వేలాడేసేవాళ్లు. తెగినా ఆ తడి బరువుకు తాడు నేల మీద పడిపోతుంది. బోరు బండ్ల మీద నేర్చుకున్నాడో, ఏ మందలోనో చూశాడో గానీ, గొంగడి లేకుండా కాక బండి లాగడం నేను చూడలేదు. అది వేశాక సాయిలు "కప్పిన బావా!" అనేవాడు. అప్పుడే కాక బొటనవేలు మీట నొక్కేది.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి. మూడేళ్లు కడుపులో పెట్టుకున్నాను.

మర్కూక్ అవతల రిజర్వాయరు అంచున ఒక పెద్ద కారు దిగబడింది. నీళ్లు వెనక్కి పోయినచోట పైన ఎండిన పెచ్చు, కింద నల్ల బురద. చూడ్డానికి గట్టినేలే. పట్నం ఆయన, ఆయన స్నేహితుడు కారును నీళ్లదాకా తోలి ఫోటో తీసుకుందామనుకున్నారు. ఆదివారం కనుక నేనూ కాక వెంట పోయాను. మిట్ట మధ్యాహ్నం. పాత గొంగడి పీలికలైపోయిందని సాయిలు షెడ్డులోంచి వేరేది తెచ్చాడు. నీళ్లలో ముంచి తాడు మీద వేసి, "కప్పిన బావా!" అని కేకేసి, కారు వెనక చక్రాలకు చెక్కలు పెట్టడానికి పోయాడు.

నేను గొంగడి పక్కనే నిలబడ్డాను. దాని ఒక మూల పచ్చగా మరకలు ఉన్నాయి.

మాది గొర్లకాపరుల ఇల్లు. మల్లన్న పండుగకు పసుపు బండారి చల్లిన గొంగడిని మా అవ్వ కొయ్యకు తగిలించేది. దానికి కాలు తగిలితే లెంపలేసుకోవాలి, నేల మీద పడితే కళ్లకద్దుకోవాలి. పశువుల డాక్టరునయ్యానే గానీ, ఆ పచ్చ మరకలు చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. దేవుడి గొంగడిని తెచ్చి ఈ గ్రీసులో, ఈ బురదలో వేలాడేస్తారా! ఎవరినీ అడగలేదు. నా చేతులే పోయి దాన్ని తీశాయి. కళ్లకద్దుకున్నాను. కాక జీపు బానెట్ మీద పెట్టాను. దాని బదులు వేయడానికి జీపు వెనక గోనెసంచులు ఉన్నాయి, పది అడుగులు. ఆ పది అడుగులు పోయేలోపే యంత్రం తిరిగిన చప్పుడైంది.

"ఆగు కాకా!" అనాలి. అది ఎంత మాట? నోరు తెరిచాను కూడా. గొంగడెందుకు తీసినవని పట్నంవాళ్ల ముందు చెంప పగలగొడతాడని భయమేసింది. నిజం చెబుతున్నాను, అదొక్కటే భయం. నోరు మూసుకుని గోనెసంచి కోసం వెతుకుతున్నట్టు నటించాను.

కాక చూపు కారు చక్రాల మీదే ఉంది. అప్పుడు ఆ స్నేహితుడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ తాడు వైపు నడిచాడు. "ఏయ్! ఏయ్ బై!" అని కాక అరిచాడు. వాడు వినలేదు. కాక మీట వదిలేసి ఉరికాడు. అదే నిమిషంలో కారు గలాయన ఉత్సాహపడి గట్టిగా తొక్కాడు. కారు జానెడు ముందుకు దూకి మళ్లీ వెనక్కి జారింది, వదులైన తాడు ఒక్క గుంజుతో బిగిసింది. కాక వాడి ఛాతీ మీద రెండు చేతులూ వేసి బురదలోకి తోశాడు. తాడు తెగింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. గాలిలో ఏదో ఈల వేసినట్టయింది. కాక నిలబడే ఉన్నాడు ఒక్క క్షణం. తర్వాత ఎడమకాలు మోకాలి కింద నుంచి వేరే దిక్కుకు తిరిగింది.

నా బెల్టు తీసి తొడకు బిగించాను. పశువులకు కట్టే కట్టు మనిషికీ అంతే. రక్తం నా మోచేతుల దాకా. బానెట్ మీది ఆ గొంగడే లాగి ఆయన్ను చుట్టాను, నలుగురం పట్టి జీపులో వేశాం. దాంతో అంతకుముందు అది ఎక్కడ ఉందో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. దారిలో కాక కళ్లు తెరిచి, "డాక్టరూ, ఫోన్ పోరడు బతికిండా?" అన్నాడు.

"బతికిండు కాకా."

"వానికి ఇంకొకటి కొట్టేదుండె," అని కళ్లు మూసుకున్నాడు.

దవాఖానలో మోకాలి కింద కాలు తీసేశారు. బెల్టు కట్టకపోతే మనిషే దక్కేవాడు కాదని అక్కడి డాక్టరు అందరి ముందూ నా భుజం తట్టాడు. కాక భార్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏం చేయాలో తోచక, గొంగడి తీసుకుని వెనక నల్లా దగ్గర ఉతకడానికి కూర్చున్నాను. రక్తం పోతోంది గానీ పచ్చమరక పోవడం లేదు. బండారి అయితే మొదటి నీళ్లకే కరగాలి కదా. గోటితో గీకాను. పెచ్చులా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిలు వాసన.

సాయిలు వచ్చి పక్కన నిలబడ్డాడు. "అది పోదు సారూ," అన్నాడు. "మొన్న ట్రాలీకి పసుపుపచ్చ పెయింటు కొట్టినప్పుడు కింద పరిచిన."

పెయింటు! నేను కళ్లకద్దుకున్నది ట్రాలీ పెయింటు. నల్లా కింద చేతులు అట్లాగే ఉండిపోయాయి.

"సారూ," అన్నాడు సాయిలు మళ్లీ. "బావ మత్తులకెల్లి లేచి, గొంగడి లేకుండె అంటుండట. నేను కప్పిన గద? మీరు ఆడ్నే ఉండిరి. మీరు చూసిన్రు గద?"

నేను నల్లా కట్టేశాను. "చూడలేదు సాయిలూ," అన్నాను.

ఒప్పుకుంటున్నాను, గొంగడి తీయడం నా తప్పు, కేక వేయకపోవడం నా పిరికితనం. కానీ ఈ మూడోదానికి పేరు లేదు. మంచి చెడ్డలు తెలిసినవాణ్ని, నాలుగు ఊళ్లలో సారూ అనిపించుకునేవాణ్ని, నాకు మెతుకు బాకీ లేని మనిషిని నిలువునా ముంచాను.

నెల దాటాక కాక ఇంటికొచ్చాడు, చంకల కింద రెండు కర్రలతో. షెడ్డు ముందు మంచం వేసుకుని, సాయిలును పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను, కట్టు మార్చడానికి పోయి.

"కప్పినవా?"

"కప్పిన బావా. అక్క మీద ఒట్టు."

"మరి ఏమాయె? రెక్కలొచ్చి ఎగిరిపాయెనా?" అన్నాడు కాక. అరవలేదు. ఆయన అరవకపోవడం అదే మొదటిసారి. "మర్సిపోయిన అంటె రెండు కొట్టి ఇడుస్తుంటి రా. కాలే గద, పోతె పోయింది. కప్పకుంటనే కప్పిన అని ఒర్రినవ్. నీ మాట మీద నేను ఇన్నేండ్లు బండ్ల కిందికి దూరిన. అబద్ధమాడినవ్."

కర్ర లేచింది. సాయిలు తప్పుకోలేదు, చెయ్యి మాత్రం అడ్డం పెట్టాడు. మొదటి దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు నాకు కుడిచెవిలో స్పష్టంగా వినపడింది. రెండో దెబ్బకు కర్ర విరిగింది. మిగిలిన ముక్కతో కాక కూర్చునే కొట్టాడు, ఊపిరి అందకపోయేదాకా కొట్టాడు. అక్క అడ్డం పోలేదు. గుమ్మంలో నిలబడి, "మొగని కాలు తీసినవ్, ఇంక నా గడప తొక్కకు," అంది. సాయిలు నెత్తురు తుడుచుకుని ఒక్కసారి నా వైపు చూశాడు. నేను దూదికట్ట విప్పుతూ ఉన్నాను. అతను నాలుగు నల్లరాళ్లనూ గోడవారగా పేర్చి వెళ్లిపోయాడు. వర్గల్ దిక్కు ఎవరిదో ట్రాక్టరు నడుపుతున్నాడనీ, కుడిచెయ్యి వంకరగా అతుక్కుందనీ తర్వాత విన్నాను.

కాకకు చెప్పేద్దామని చాలాసార్లు పోయాను. అబద్ధం కాదు. ప్రతిసారీ ఆయన ముందు తానే మొదలుపెట్టేవాడు: "రాండ్రి డాక్టరూ. కూసోండ్రి. నా పానం నిలబెట్టిన్రు మీరు." నన్ను మీరు అనడం మొదలుపెట్టాడు! ఆ రోజు తర్వాత నా మీద చెయ్యెత్తలేదు. పలకలు సమ్మెటతో కొట్టేవాడు, పెట్టుడుకాలును బంపరుకేసి కొట్టేవాడు, పనికి కుదిరిన ప్రతివాణ్నీ తన్ని తరిమేవాడు. నాకు మాత్రం చల్లని నీళ్లు, కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నాక నేను వేరే మాట ఎత్తేవాణ్ని. "ఇంకో మనిషిని పెట్టుకో కాకా, ఒంటరిగా బండి కిందికి పోకు," అనేవాణ్ని. "ఎవని మాట నమ్మాలె?" అనేవాడు. ఒంటికాలితో తానే కుంటుతూ రాళ్లు పెట్టుకునేవాడు. చివరిసారి పెట్టుకున్న రాళ్లలో ఒకటి జారిందట, దాంతో జాకీ కూడా.

నేను పోయేసరికి షెడ్డు ముందు డప్పులు మోగుతున్నాయి. పాడె కట్టారు. రొమ్ము మీద దుప్పటి కప్పారు గనుక ముఖం ఒక్కటే కనిపిస్తోంది. ఎవరినో కొట్టబోతూ ఆగినట్టే ఉంది. దుప్పటి ఎడమపక్క మోకాలి కింద పాడెకు అంటుకుపోయింది. పెట్టుడుకాలును తీసి గోడకు ఆనించారు, నల్లరాళ్ల పక్కన.

మోసేవాళ్లు భుజాల మీద తువ్వాళ్లు సర్దుకుంటుండగా సాయిలు వచ్చాడు. ఎవరు చెప్పారో, పరుగున వచ్చినట్టు రొప్పుతున్నాడు. నేరుగా తల దగ్గరి కర్ర పట్టుకోబోయాడు. మూడేళ్లుగా కన్నీరు పెట్టని అక్క అప్పుడు అరిచింది.

"ముట్టకు! అబద్ధపు నోటితోటి నా మొగని పాడె ముట్టకు. కాలు తిన్నవ్, ఇప్పుడు పానం గూడ పాయె. ఎల్లగొట్టున్రి వాన్ని!"

ఇద్దరు మగవాళ్లు సాయిలు భుజాలు పట్టుకున్నారు. అతను గింజుకోలేదు. వంకర చెయ్యి అట్లాగే చాపి, "అక్కా, ఒక్కపాలి. నాలుగడుగులు మోస్త," అన్నాడు. వాళ్లు వెనక్కి నెట్టారు. మళ్లీ ముందుకు వచ్చాడు. మళ్లీ నెట్టారు, ఈసారి కింద పడ్డాడు. డప్పులవాళ్లు ఆపేశారు. పాడె కదిలితే ఇక ఆ మనిషి జన్మంతా అబద్ధాలకోరే. మాట్లాడాల్సింది నేనొక్కణ్నే.

"గొంగడి తీసింది నేను," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను, గట్టిగా, ఆమె ముఖంలోకి చూసి. "సాయిలు కప్పిండు. నేను తీసిన. పచ్చ మరకలు చూసి బండారి అనుకున్న. కాక కొడ్తడని చెప్పలేదు. తర్వాత గూడ చెప్పలేదు. సాయిలు అడిగితే చూడలేదన్న. చూసిన. నేనే తీసిన."

ఇంత పొడుగు నేరాన్ని చెప్పడానికి అంత చిన్న మాటలు సరిపోయాయి. సాయిలు లేచాడు. బట్టలకు అంటిన మట్టి దులుపుకోలేదు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కుడిచెయ్యి వంకర కదా, ఎడమచేత్తో కొట్టాడు. నా కుడిచెంప మీద. అచ్చం కాక దెబ్బే, ముందు దెబ్బ, మాట తర్వాత. నేను ఆ రాళ్ల మీద పడ్డాను. నోట్లో ఉప్పగా తగిలింది. నా మంచిచెవి కూడా హోరెత్తిపోయింది. ఎవరూ అడ్డం రాలేదు, లేపనూ లేదు.

సాయిలు పాడె దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. శవం చెవి దగ్గర నోరు పెట్టి, షెడ్డంతా వినపడేట్టు అరిచాడు.

"నేను కప్పిన బావా! ఇన్నవా? కప్పిన!"

అతని అక్క వచ్చి, ఆ వంకర చేతిని రెండు చేతులతో పట్టుకుని తల దగ్గరి కర్ర మీద పెట్టింది. మిగతా మోసేవాళ్లు తమ మూలలకు పోయారు. కాళ్ల దగ్గర ఎడమ మూలన ఉన్న మనిషిని ఆమె చేత్తోనే పక్కకు జరిపి, నా వైపు తిరిగింది. ఎనిమిదేళ్లుగా ఆమె నన్ను సారూ అనకుండా పిలవలేదు.

"కాలు లేని దిక్కు నువ్వు పట్టు," అంది. "అల్కగుంటది."

లేచి పట్టుకున్నాను. ఆ మూల నిజంగానే తేలిక. శ్మశానం దాకా మిగతావాళ్ల భుజాలు మారాయి. నన్ను మార్చుకుంటావా అని ఎవరూ అడగలేదు.